ఆడ్సల్ ఎవరిది? బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ మైదానం, లీజు, అప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లోని పశ్చిమ యార్క్‌షైర్‌కు ఉద్యోగాల మీద వచ్చే తెలుగువాళ్లు మొదట అడిగేది సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందని. తరువాత బడుల గురించి. ఆరు నెలలు గడిచి, పిల్లవాడు ఎరుపు, పసుపు, నలుపు గీతల బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ రగ్బీ జట్టు కండువా మెడకు చుట్టుకుని ఇంటికి వచ్చిన రోజున మూడో రకం ప్రశ్నలు మొదలవుతాయి. ఈ బుల్స్ ఎవరు? వాళ్లు ఆడే ఆడ్సల్ మైదానం వాళ్లది కాదట, నిజమేనా? ఇన్నిసార్లు దివాలా తీసిన జట్టు ఇంకా ఎలా ఆడుతోంది? ఒక్కొక్కరికి ఫోనులో చెప్పీ చెప్పీ గొంతు అరిగింది కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను క్లబ్బు మనిషిని కాను, లెక్కల మనిషిని అంతకన్నా కాను. మెట్ల మీద నిలబడి వానలో తడిసే బాపతు.

ఇది ఏ రగ్బీ?

టీవీలో ఎక్కువగా కనిపించే పదిహేను మంది ఆట కాదు. ఇది పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్. బంతి చేతిలో ఉన్న జట్టును ఆరుసార్లు పడగొడితే బంతి అవతలి జట్టుకు పోతుంది. కబడ్డీలో మోకాళ్లు చెక్కించుకున్నవాళ్లకు దీని రుచి త్వరగానే తెలుస్తుంది.

రెండు ఆటలూ విడిపోయింది డబ్బు దగ్గరే. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లకు శనివారం మ్యాచ్‌కు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని క్లబ్బు ఇవ్వనివ్వండని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆటకు డబ్బు ముట్టకూడదని పెద్దమనుషులు పట్టుబట్టారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు వేరు కుంపటి పెట్టుకున్నాయి. అలా కూలి డబ్బుల కోసం పుట్టిన ఆట నూట ముప్పై ఏళ్ల తరువాత కూడా జీతాలు ఎలా ఇవ్వాలా అనే సతమతమవుతోంది.

బుల్స్ ఎప్పటి క్లబ్బు?

బ్రాడ్‌ఫర్డ్ ఊళ్లో మొదటి రగ్బీ క్లబ్బు 1863లో పుట్టింది. పార్క్ అవెన్యూ అనే చక్కటి మైదానంలో ఆడేది. 1907లో ఆ క్లబ్బు పెద్దలు రగ్బీలో లాభం లేదనుకుని ఉన్నపళంగా ఫుట్‌బాల్‌కు మారిపోయారు. మైదానం వాళ్లతోనే పోయింది. ఇక్కడివాళ్లు దీన్ని ఇప్పటికీ ‘మహాద్రోహం’ అంటారు. రగ్బీని వదలలేనివాళ్లు బయటికి వచ్చి బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ పేరుతో కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. మొదట ఒక చోట, తరువాత బర్చ్ లేన్ అనే ఇరుకు మైదానంలో తలదాచుకున్నారు. ఈ నార్తర్నే 1996లో బుల్స్ అయింది.

అంటే ఈ క్లబ్బు పుట్టిందే మైదానం పోగొట్టుకుని. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఆడ్సల్ గుంతలో ఎందుకు ఉంది?

ఎం606 రహదారి దిగి వస్తే ఎదురుగా స్టేడియం కనబడాలి. కనబడదు. లైటు స్తంభాలు కనిపిస్తాయి, ఒక గోడ కనిపిస్తుంది, అంతే. గేటు దాటి నాలుగు అడుగులు వేశాక నేల ఒక్కసారిగా కాళ్ల కింద నుంచి జారిపోయినట్టు ఉంటుంది. కిందికి చూస్తే ఎక్కడో అడుగున పచ్చటి పీట మీద పరిచినట్టు ఆట స్థలం. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయి, ‘నాన్నా, ఇది స్టేడియమా, ఎండిపోయిన చెరువా?’ అంది.

పూర్వం ఇది కొండ అంచున ఉన్న పెద్ద గుంత. 1930లలో నగర పాలక సంస్థ తన చెత్తను ఇక్కడ పోయిస్తూ, ఆ చెత్తతోనే చుట్టూ గట్లు కట్టించింది. ఇళ్ల పొయ్యిల బూడిద, పనికిరాని సామాను, మట్టి, అన్నీ కలిసి గట్లయ్యాయి. గట్ల మీద జనం నిలబడే మెట్లు వేశారు. 1934లో బ్రాడ్‌ఫర్డ్ నార్తర్న్ ఇక్కడికి వచ్చింది. గ్రామంలో చెరువు తవ్వి ఆ మట్టితో గట్టు పోసినట్టే, కాకపోతే ఇక్కడ మట్టికి బదులు ఊరి చెత్త.

ఇది వినడానికి వేళాకోళంగా ఉన్నా, డబ్బు గురించిన సగం జవాబు ఇక్కడే ఉంది. చెత్త మీద కట్టిన గట్టు కాలం గడిచేకొద్దీ కుంగుతుంది. గుంతలోకి నాలుగు వైపుల నుంచీ వాన నీరు దిగుతుంది. ఇంత పెద్ద గట్లను సురక్షితంగా ఉంచాలంటే ఏటా ఏదో ఒక మూల బాగుచేయించాలి. నీడ కప్పు మైదానంలో కొంత మేరకే. మోటారు పందేల బాట మైదానం చుట్టూ తిరగడం వల్ల చూసేవాడికీ ఆటకూ మధ్య ఖాళీ. ఆటగాళ్ల గది పైన, ఆట కింద. జట్టు జనం మధ్య నుంచి మెట్ల వరుస దిగుతూ వస్తుంది. ఓడిన రోజున అదే దారిలో తిరిగి పైకి ఎక్కాలి. ఆ ఎక్కుడు చూడాలి మీరు. ఎనభై నిమిషాలు దెబ్బలు తిన్న మనిషి, బురద కొట్టుకున్న బూట్లతో మెట్టు మెట్టుకూ తల వంచుకుని వెళుతుంటే, రెండు గజాల దూరంలో ఉన్న ముసలాయన తిట్టబోయి ఆగి, భుజం తట్టి పంపడం నేను చూశాను.

లక్ష మంది వచ్చారన్నది నిజమా, గొప్పలా?

నిజమే. 1954 మే 5న ఛాలెంజ్ కప్ (ఓడితే ఇంటికే అన్న పోటీ) ఫైనల్ రెండోసారి ఆడాల్సి వచ్చింది. లండన్‌లోని వెంబ్లీలో వారింగ్టన్, హాలిఫాక్స్ జట్లు 4-4తో సమానంగా నిలిచాయి. రెండో ఆటను ఆడ్సల్‌లో పెట్టారు. బుధవారం సాయంత్రం. అధికారిక లెక్క 1,02,569. టికెట్టు లేకుండా లోపలికి దూరినవాళ్లు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. వారింగ్టన్ 8-4తో గెలిచింది. ప్రపంచంలో ఏ రగ్బీ లీగ్ మ్యాచ్‌కూ అంతమంది రాలేదన్న రికార్డు 1999లో సిడ్నీలో బద్దలయ్యేదాకా నిలిచింది.

బుల్స్ సొంత మ్యాచ్‌లలో 1953లో హడర్స్‌ఫీల్డ్‌పై ఆడినదానికి 69,429 మంది వచ్చారు. ఆ సంఖ్యలే ఈ క్లబ్బును పాడుచేశాయని నా అభిప్రాయం. తాతల నాడు పెళ్లికి వెయ్యి విస్తళ్లు లేచాయని ఇప్పటికీ అంతే పెద్ద ఇల్లు నడపాలని చూస్తే ఏమవుతుంది? కింది తరగతిలో ఆడిన ఏళ్లలో మామూలు మ్యాచ్‌కు వచ్చిన కొద్ది వేల మంది ఆ గట్ల మీద చల్లిన గింజల్లా కనిపించేవారు.

ఇంతకుముందు మూతపడిందా?

పడింది. 1963 నవంబరులో బారోతో జరిగిన మ్యాచ్‌కు ఆడ్సల్‌లో 324 మంది వచ్చారు. లక్ష మంది నిలబడ్డ చోట, పదేళ్లయినా తిరగకుండా, మూడు వందల ఇరవై నాలుగు మంది! డిసెంబరులో క్లబ్బు సీజన్ మధ్యలోనే చేతులెత్తేసింది. మరుసటి ఏడాది ట్రెవర్ ఫోస్టర్, జో ఫిలిప్స్ అనే పాత ఆటగాళ్లు ఊరంతా తిరిగి చందాలు పోగుచేసి కొత్త క్లబ్బు నిలబెట్టారు. 1964 ఆగస్టులో మొదటి మ్యాచ్‌కు పద్నాలుగు వేల మందికి పైగా వచ్చారు. ఆ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రాడ్‌ఫర్డ్ జనం స్వభావం తెలిసిపోతుంది. ఉన్నప్పుడు పట్టించుకోరు, పోయిందంటే పరిగెత్తుకొస్తారు.

అసలు మైదానం ఎవరిది?

భూమి నగర పాలక సంస్థది. దాన్ని క్లబ్బు దీర్ఘకాలిక లీజు మీద అనుభవించేది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పొడవైన లీజు మన ఊళ్లలో పదకొండు నెలల అద్దె ఒప్పందం లాంటిది కాదు. అది దాదాపు ఆస్తే. బ్యాంకుకు తాకట్టు పెట్టవచ్చు, ఇంకొకరికి అమ్మవచ్చు, కింద ఇంకొకరికి అద్దెకు ఇవ్వవచ్చు. ఒప్పందంలోని షరతులు దాటకుండా ఉంటే చాలు. అందుకే ‘మైదానం ఎవరిది?’ అన్న ప్రశ్నకు ఎప్పుడూ మూడు జవాబులుంటాయి: నేల ఎవరిది, లీజు ఎవరి పేరున ఉంది, శనాదివారాల్లో తాళం ఎవరి చేతిలో ఉంది.

2012 జనవరి దాకా లీజు బుల్స్ పేరునే ఉండేది. ఆ నెలలో లీజును ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌కు, అంటే ఆర్‌ఎఫ్‌ఎల్‌కు అమ్మేసింది. దాదాపు పన్నెండున్నర లక్షల పౌండ్లకు అని అప్పట్లో పత్రికలు రాశాయి. తరువాత అదే మైదానంలో ఆర్‌ఎఫ్‌ఎల్‌కు అద్దె కట్టి ఆడింది. ఇల్లు అమ్మి అదే ఇంట్లో అద్దెకు దిగడమన్న మాట.

ఎందుకు అమ్మారు?

చేతిలో డబ్బు లేక. ఇంతకు మించిన కారణం లేదు. ఎందుకు లేదన్నదే పెద్ద కథ.

1995లో మర్డాక్ మీడియా సంస్థ ఐదేళ్ల ప్రసార హక్కులకు 8 కోట్ల 70 లక్షల పౌండ్లు ఇవ్వడంతో ఆట రూపు మారిపోయింది. చలికాలపు ఆట వేసవికి వచ్చింది, పై తరగతి పోటీగా సూపర్ లీగ్ మొదలైంది, జట్లకు జంతువుల పేర్లు తగిలాయి. అందరికన్నా బాగా అందిపుచ్చుకున్నది బ్రాడ్‌ఫర్డ్. ఎద్దు బొమ్మ, సంగీతం, పిల్లలకు ఆటలు, మ్యాచ్ అంటే జాతర. 1997, 2001, 2003, 2005లలో ఛాంపియన్లు. 2000, 2003లలో ఛాలెంజ్ కప్. ఆస్ట్రేలియా విజేతలతో ఆడే ప్రపంచ క్లబ్ పోటీ 2002, 2004, 2006లలో వాళ్లదే. పదేళ్లలో ఇంత గెలిచిన జట్టుకు డబ్బు కొదవ ఏమిటని అడుగుతారు. గెలిచే జట్టుకు జీతాలూ ఎక్కువే. గెలుపు ఆగిన మరుసటి ఏడాది జనం తగ్గుతారు, జీతాల ఒప్పందాలు మాత్రం ఇంకో రెండేళ్లు నడుస్తాయి. దీనికి తోడు 2004లో యెస్టిన్ హారిస్ అనే ఆటగాణ్ని చేర్చుకున్నందుకు పక్క ఊరి లీడ్స్ కోర్టుకెక్కింది. అతను రగ్బీ లీగ్‌కు తిరిగి వస్తే తమ దగ్గరికే రావాలన్న ఒప్పందం ఉందని వాళ్ల వాదన. కోర్టులో లీడ్స్ మాటే నెగ్గింది, బుల్స్ చివరికి రాజీకి రావలసి వచ్చింది. ఆ దెబ్బ నుంచి ఖజానా పూర్తిగా కోలుకోలేదని పాతవాళ్లు అంటారు.

లీజు అమ్మిన డబ్బు వచ్చింది కదా, ఆరు నెలలకే ఎందుకు మునిగింది?

ఆ డబ్బు రావడమే అప్పుల నోట్లోకి వచ్చింది. మార్చి చివర క్లబ్బు బయటికి వచ్చి, పది లక్షల పౌండ్లు కావాలి, అందులో సగం గుడ్ ఫ్రైడే లోపు కావాలి, లేకపోతే తలుపులు మూసేస్తామని చెప్పింది. జనం ఇచ్చారు. పక్క ఊళ్ల జట్ల అభిమానులు కూడా ఇచ్చారు. ఐదు లక్షలు గడువులోపు పోగయ్యాయి. అయినా సరిపోలేదు. జూన్ 26న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది.

ఆ వేసవి గురించి ఒక్క సంగతి చెప్పాలి. శిక్షకుడు మిక్ పాటర్‌తో సహా సిబ్బందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. పాటర్ మరునాడు కూడా వచ్చాడు. జీతం లేకుండానే మిగిలిన సీజన్ జట్టును నడిపించాడు. బాలెన్స్ షీటులో ఈ రకం ఆస్తికి గడి ఉండదు.

అడ్మినిస్ట్రేషన్ అంటే దివాలాయేనా?

ఒక మెట్టు ముందు. కంపెనీ పగ్గాలు యజమాని చేతిలో నుంచి తీసి, లైసెన్సు ఉన్న ఒక నిపుణుడి చేతికి ఇస్తారు. ఆయన ఉన్నంతకాలం అప్పులిచ్చినవాళ్లు మీద పడి తలుపులు పీక్కుపోవడానికి వీలుండదు. ఈలోగా ఆయన కొనేవాడి కోసం వెతుకుతాడు. దొరికితే పేరు, ఆటగాళ్ల ఒప్పందాలు, కుర్చీలు, బల్లలు కొత్త కంపెనీకి వెళతాయి. అప్పులు పాత కంపెనీలోనే ఉండిపోతాయి, అది తరువాత మూతపడుతుంది. కొనేవాడు దొరకకపోతే నేరుగా లిక్విడేషన్, అంటే ఉన్నదంతా అమ్మి పంచడం.

అందుకే ‘క్లబ్బు’ వేరు, ‘కంపెనీ’ వేరు. మీ అబ్బాయి కండువా మీద ఉన్నది క్లబ్బు. సరుకుల వ్యాపారికి, బస్సు యజమానికి, మెట్లు బాగుచేసిన మేస్త్రీకి బాకీ ఉన్నది కంపెనీ. జనం మొదటిది బతికిందని సంబరపడతారు. రెండోది చచ్చినప్పుడు ఊళ్లో చిన్న వ్యాపారులకు పౌండుకు కొన్ని పైసలు కూడా దక్కవు. ఆ లెక్క ఎవరూ పాటగా పాడరు.

పన్నుల శాఖ సంగతి వేరు. జీతాల్లో కోసిన పన్ను, టికెట్ల మీద వసూలు చేసిన వ్యాట్, ఈ రెండూ క్లబ్బు సొమ్ము కావు, ప్రభుత్వానికి చేరవేయవలసినవి. చేతిలో డబ్బు లేనప్పుడు ముందు వాడుకునేది వీటినే. 2020 డిసెంబరు 1 నుంచి ఈ రకం బాకీల్లో పన్నుల శాఖకు మళ్లీ ముందు వరుస దొరికింది. కాబట్టి మేస్త్రీ ఇంకొంచెం వెనక్కి జరిగాడు.

మొత్తం ఎన్నిసార్లు జరిగింది?

1963ను పక్కన పెడితే మూడుసార్లు. 2012లో మొదటిది. స్థానిక రెస్టారెంట్ల యజమాని ఒమర్ ఖాన్ ముందుకు వచ్చి కొన్నాడు. కాకపోతే సూపర్ లీగ్‌లో ఉండనిచ్చినందుకు రెండేళ్లపాటు టీవీ వాటాలో సగమే తీసుకోవాలన్న షరతుకు తల ఊపాడు. అసలే అప్పుల్లో పుట్టిన ఇంటికి రాబడి సగానికి కోస్తే ఏమి నిలబడుతుంది? 2014లో రెండోసారి అడ్మినిస్ట్రేషన్. ఆరు పాయింట్ల కోత, ఆ ఏడాదే కింది తరగతికి జారిపోవడం. 2015లో తిరిగి పైకి వచ్చే అవకాశం ఒకే ఒక్క మ్యాచ్ దూరంలోకి వచ్చింది. దాన్ని ‘మిలియన్ పౌండ్ల ఆట’ అనేవారు. వేక్‌ఫీల్డ్ చేతిలో 24-16తో ఓడారు. 2016 నవంబరులో మూడోసారి. 2017 జనవరి 3న ఆ కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. తెల్లవారి లేచి చూస్తే బ్రాడ్‌ఫర్డ్‌కు క్లబ్బు లేదు.

కొద్ది రోజులకే కొత్త యజమానులతో కొత్త కంపెనీ వచ్చింది. ఆట మొదలు కాకముందే మైనస్ పన్నెండు పాయింట్లతో. ఆ సీజన్ చివర మూడో అంచెకు పడిపోయింది. 2018లో అక్కడి నుంచి పైకి లేచింది.

పాయింట్లు కోయడం అన్యాయం కాదా? ఆటగాళ్లు ఏమి చేశారు?

వాళ్లు ఏమీ చేయలేదు. కానీ పన్ను కట్టకుండా ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లను కొన్న జట్టు, పన్ను సక్రమంగా కట్టి తక్కువ ఆటగాళ్లతో సరిపెట్టుకున్న జట్టును ఓడిస్తే అది న్యాయమా? కోతకు కారణం అది. నేను ఒప్పుకుంటాను. అలాగని మైనస్ పన్నెండుతో మొదలైన ఏడాది ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. ఆరు మ్యాచ్‌లు గెలిస్తే సున్నా. ఏప్రిల్ చలిలో గెలిచి ఇంటికి వచ్చిన రోజున పిల్లవాడు పట్టిక తెరిచి, ‘ఇంకా అప్పే ఉంది నాన్నా’ అంటాడు.

లీజు ఆర్‌ఎఫ్‌ఎల్‌కు పోవడం మంచికా, చెడుకా?

ఈ ప్రశ్న అడిగితే ఆడ్సల్ మెట్ల మీద రెండు జట్లు తయారవుతాయి.

చెడు అనేవాళ్ల మాట ఇది: క్లబ్బుకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి పోయింది. తాకట్టు పెట్టడానికి ఏమీ మిగలలేదు. మైదానంలో ఇతర కార్యక్రమాల మీద వచ్చే రాబడి కూడా సొంతంగా అనుభవించే స్వేచ్ఛ తగ్గింది. పైగా ఆటకు నియమాలు పెట్టేది ఆర్‌ఎఫ్‌ఎల్, పాయింట్లు కోసేది ఆర్‌ఎఫ్‌ఎల్, అద్దె వసూలు చేసేదీ ఆర్‌ఎఫ్‌ఎల్. పంచాయతీ పెద్దే ఇంటి యజమాని అయితే అద్దెకున్నవాడు ఎవరితో చెప్పుకోవాలి?

నాది రెండో జట్టు. 2012 జూన్ నాటికి లీజు పాత కంపెనీ పేరునే ఉండి ఉంటే అది అప్పులవాళ్ల జాబితాలోకి వెళ్లేది. 2014లోనో 2016లోనో మళ్లీ వెళ్లేది. మూడు దివాలాల్లో మూడుసార్లు అమ్మకానికి వచ్చే మైదానం ఏదో ఒకసారి ఆటతో పనిలేనివాడి చేతిలో పడకుండా ఉంటుందా? లీజు వేరే చోట ఉంది కాబట్టి కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి పోయినా గుంత గుంతలాగే ఉంది. తప్పు అమ్మడంలో లేదు. వచ్చిన డబ్బు ఏ మరమ్మతుకో, ఏ పెట్టుబడికో పోకుండా నెలవారీ ఖర్చుల్లో కరిగిపోవడంలో ఉంది. పొలం అమ్మి కూతురి చదువుకు పెట్టడం వేరు, పొలం అమ్మి కిరాణా బాకీ తీర్చడం వేరు.

2020లో డ్యూస్‌బరీకి ఎందుకు వెళ్లారు?

ఆడ్సల్‌ను నడపడం తలకు మించిన భారమని అప్పటి యాజమాన్యం తేల్చింది. 2019 మే 11న ఇదే మైదానంలో సూపర్ లీగ్ జట్టయిన లీడ్స్‌ను ఛాలెంజ్ కప్‌లో 24-22తో ఓడించారు. గట్లు చాలా ఏళ్ల తరువాత ఊగాయి. నాలుగు నెలలు తిరగకుండా, వచ్చే ఏడాది ఇక్కడ ఆడబోమని ప్రకటన. డ్యూస్‌బరీ జట్టు మైదానమైన క్రౌన్ ఫ్లాట్‌లో పంచుకుని ఆడారు. అక్కడ కొన్ని ఆటలు ఆడేలోపే కోవిడ్ వచ్చి ఆ సీజనే రద్దయింది. ఆలోగా యాజమాన్యమూ మారింది. 2021లో జట్టు ఆడ్సల్‌కు తిరిగి వచ్చింది. అదే ఏడాది స్టాక్ కార్ పందేలు కూడా చాలా ఏళ్ల తరువాత తిరిగి మొదలయ్యాయి. అలా వారం తేడాతో ఒకే గుంతలో రగ్బీ, కార్ల గుద్దులాట. రెండింటికీ పెద్ద తేడా లేదని మా ఆవిడ అంటుంది.

ఇదే ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది కదా, వాళ్లకు సొంత మైదానం ఉందా?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. బ్రాడ్‌ఫర్డ్‌లో మూడు క్లబ్బులు, మూడూ ఇదే దారిలో నడిచాయి.

రగ్బీని వదిలి ఫుట్‌బాల్‌కు పోయిన పార్క్ అవెన్యూ గుర్తుందా? 1973లో అప్పుల కింద తన మైదానాన్ని అమ్మేసింది. ఒక్క సీజన్ బ్రాడ్‌ఫర్డ్ సిటీతో పంచుకుని ఆడింది. 1974లో మూతపడింది. ఆ పేరుతో తరువాత వేరే క్లబ్బు పుట్టింది కానీ పాత పార్క్ అవెన్యూ తిరిగి రాలేదు.

బ్రాడ్‌ఫర్డ్ సిటీది వ్యాలీ పరేడ్. 1985 మే 11న అక్కడ చెక్క స్టాండు అంటుకుని 56 మంది చనిపోయారు. ఈ ఊళ్లో ఆ తేదీని ఎవరూ తేలిగ్గా పలకరు. మైదానం తిరిగి కట్టేదాకా సిటీ కొన్ని మ్యాచ్‌లు ఆడింది ఆడ్సల్‌లోనే. తరువాత 2001, 2002లలో ఆడ్సల్ పునర్నిర్మాణం జరుగుతుందని బుల్స్ వ్యాలీ పరేడ్‌కు వెళ్లింది. ఇల్లు లేని ఆ ఏడాదే, 2001లో, సీజన్ విజేతను తేల్చే గ్రాండ్ ఫైనల్లో విగన్‌ను 37-6తో చిత్తు చేసింది. 2002లో ఇంటి యజమాని సిటీయే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. 2003లో వ్యాలీ పరేడ్‌ను అప్పటి ఛైర్మన్ గోర్డన్ గిబ్ కుటుంబ పింఛను నిధి కొనుక్కుంది. సిటీ ఇప్పటికీ తాను పుట్టి పెరిగిన చోట అద్దె కడుతోంది.

మైదానం అమ్మిన మూడింటిలో ఒకటి పోయింది, రెండు కిరాయికి ఉన్నాయి.

ఆడ్సల్‌ను పడగొట్టి కొత్తది కట్టవచ్చు కదా?

నేను వచ్చిన నాటి నుంచీ, నా కన్నా ముందు నుంచీ కడుతూనే ఉన్నారు, కాగితం మీద. సూపర్‌డోమ్ అన్నారు. దాని కోసమే రెండేళ్లు ఊరు దాటించినట్టు వ్యాలీ పరేడ్‌కు పంపారు. ఏమీ కట్టకుండానే 2003లో తిరిగి తెచ్చారు. తరువాత క్రీడా గ్రామం అన్నారు. అదీ లేదు. చెత్త గట్టు మీద పునాది వేయడం ఖరీదు. కొద్ది వేల మంది వచ్చే జట్టుకు అంత ఖర్చు ఎవరు పెడతారు? కట్టాలంటే పక్కన దుకాణాలో ఇళ్లో కావాలి, అవి వస్తే రోడ్లు ఎలా అని పేచీ. నగర పాలక సంస్థ ఖజానా కూడా బక్కచిక్కి ఉంది.

స్టేడియం బాగుంటేనే సూపర్ లీగ్‌లో చోటు ఇస్తారట, నిజమా?

కొంతవరకు. 2022లో ఐఎంజీ అనే సంస్థతో ఆర్‌ఎఫ్‌ఎల్ పన్నెండేళ్ల ఒప్పందం చేసుకుంది. ఆ తరువాత క్లబ్బులకు ఇరవై పాయింట్లకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. అభిమానుల బలానికి 5, ఆటకు 5, ఆర్థిక స్థితికి 4.5, స్టేడియానికి 3, చుట్టుపక్కల జనాభా లాంటి వాటికి 2.5. పదిహేను దాటితే ‘ఏ’ గ్రేడు. చూశారా, డబ్బు, మైదానం కలిపితే ఏడున్నర. గెలుపుకు ఐదే. గెలిచి పైకి రావడమన్న పాత పద్ధతి ఇష్టపడేవాళ్లకు ఇది మింగుడు పడదు. నాకూ పడలేదు.

కానీ ఈ మార్కులే బుల్స్‌ను పైకి తెచ్చాయి. పెద్ద ఊరు, పాత అభిమానులు, కొంచెం కొంచెంగా సర్దుకున్న లెక్కలు. 2026 సీజన్‌కు సూపర్ లీగ్‌ను పద్నాలుగు జట్లకు పెంచినప్పుడు బ్రాడ్‌ఫర్డ్ అందులో ఉంది. 2014లో జారిపడ్డ మెట్టు ఎక్కడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఇదంతా బ్రాడ్‌ఫర్డ్ జాతకమేనా, మిగతావాళ్లకూ ఉందా?

సాల్ఫర్డ్‌ను చూడండి. 1901 నుంచి ఆడిన విల్లోస్ మైదానాన్ని వదిలి 2012లో ఊరి అంచున కొత్త స్టేడియానికి వెళ్లింది. అది క్లబ్బుది కాదు. తిండి, పానీయాల మీద, ఇతర కార్యక్రమాల మీద వచ్చే డబ్బు ఇంటి యజమానికి పోతే జట్టుకు టికెట్టు డబ్బే మిగులుతుంది. 2025లో యాజమాన్యం మారింది, జీతాలు ఆలస్యమయ్యాయి. జీతాల ఖర్చు మీద పరిమితి ఉండటంతో కుర్రవాళ్లను దింపి సీజన్ మొదటి మ్యాచ్‌లో సెయింట్ హెలెన్స్ చేతిలో 82-0తో ఓడింది. ఆ డిసెంబరులో కోర్టు ఆ కంపెనీని మూసేయమంది. వెంటనే కొత్త క్లబ్బు పుట్టింది. ఎక్కడో విన్న కథలా లేదూ?

సీజన్ టికెట్టు కొన్నాక క్లబ్బు మునిగితే నా డబ్బు?

చట్టం దృష్టిలో మీరు కూడా అప్పులిచ్చినవాళ్లే, వరుసలో చివర. కొత్త యజమాని సాధారణంగా పాత టికెట్లను గౌరవిస్తాడు, ఎందుకంటే మొదటి రోజే అభిమానులతో గొడవ ఎవరికి కావాలి? కానీ అది అతని మంచితనం, మీ హక్కు కాదు. క్రెడిట్ కార్డుతో వంద పౌండ్లకు పైబడిన టికెట్టు కొంటే కార్డు కంపెనీని అడిగే హక్కు ఉంటుంది. ఈ ఒక్క సలహా గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి వెళుతున్నాం. ఏమి వేసుకోవాలి, ఎక్కడ నిలబడాలి?

జూన్ అయినా సరే, కోటు. గుంతలో గాలి ఎటు నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పిల్లలకు కప్పు ఉన్న వైపు కుర్చీలు తీసుకోండి. మీరు ఒక్కరే అయితే మెట్ల మీదికి రండి, నేను అక్కడే ఉంటాను. విరామంలో మాంసం పై, పక్కన మెదిపిన బటానీ ఇస్తారు. శాకాహారులు ఇంటి నుంచి పులిహోర తెచ్చుకోవడం మేలు. మేము తెస్తాం. పక్కనుండే ముసలాయన మొదటి ఏడాది అనుమానంగా చూశాడు. ఇప్పుడు పల్లీలు ఏరుకుని తిని, మెతుకులు మాత్రం మాకు వదిలేస్తాడు.